ఉప్పెన తర్వాత వచ్చిన ఉత్తరాలు

మొన్నటి వానలకి మా వీధిలో డ్రైనేజీ పొంగింది. నీళ్ళు తీశాక మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి గోడల వెంట బ్లీచింగ్ పౌడరు చల్లిపోయారు. ఇంట్లోవాళ్ళు ముక్కులు మూసుకుని కిటికీలు వేసేశారు. నేను గేటు దగ్గరే నిలబడిపోయాను. వేరేవాళ్ళకి అది ఆసుపత్రి వాసన. నాకు మాత్రం దివిసీమ వాసన. 1977 నవంబరు 19 తర్వాత కొన్ని నెలలపాటు మా ఊళ్ళో తాగే నీళ్ళకీ, తినే అన్నానికీ, కట్టుకునే బట్టకీ అదే వాసన.

ఉప్పెన గురించి చాలామంది రాశారు. ఎవరెన్ని రాసినా ఆ రాత్రి పూర్తిగా కాగితం మీదకి రాదు. నాకూ ఆ జోలికి ఎక్కువసేపు పోవాలని లేదు. తర్వాతి రోజులే ఎక్కువ గుర్తు. మా వసారాలోని పోస్టాఫీసు, అక్కడికొచ్చిన మనుషులు, మా నాన్న, పెదనాన్న.

*

అవనిగడ్డ నుంచి కోడూరు వెళ్ళే దారిలో కాస్త పక్కకి దిగితే మా ఊరు. సముద్రం కనపడదు గానీ, ఊరు నిద్రపోయాక హోరు వినపడేది. ఆ హోరులోనే పుట్టి పెరిగాం కాబట్టి దాన్ని ఒక చప్పుడుగా ఎవరూ లెక్కపెట్టేవాళ్ళు కాదు.

నాన్న వ్యవసాయం చేస్తూ బ్రాంచి పోస్టుమాస్టరుగా కూడా ఉండేవాడు. పోస్టాఫీసంటే పెద్దగా ఏం లేదు. మా వసారాలో ఒక బల్ల, తాళం వేసే చెక్కపెట్టె, గోడకి ఎర్ర డబ్బా. పొద్దున్నే రన్నరు సైకిలు మీద అవనిగడ్డ నుంచి సంచి తెచ్చేవాడు. నాన్న లక్క సీలు చూసి, తాడు కోసి, సంచి బోర్లించి, ఒక్కో కార్డు మీదా తేదీ ముద్ర కొట్టేవాడు. ముందు ఇంకు దిండు మీద మెత్తగా, తర్వాత కార్డు మీద గట్టిగా. ఆ రెండు చప్పుళ్ళూ ఒకదాని వెంట ఒకటి వినిపిస్తుంటే మాకు బడి టైమయినట్టు. సాయంత్రం సంచి కట్టేటప్పుడు లక్క కరిగించే వాసన. కొవ్వొత్తి పట్టుకునే డ్యూటీ నాది. వేడి లక్క చుక్క చేతి మీద పడినా కదలకూడదు. పడితే ‘గవర్నమెంటు పని’ అనేవాడు నాన్న, నవ్వకుండా.

పెదనాన్న ఇల్లు మా పక్కనే. వీధి మొత్తానికి మేడ ఆయనదే. నాన్నకీ ఆయనకీ మాటల్లేవు. తాతయ్య పోయాక పంపకాల్లో మొదలైన గొడవ. రెండు పొలాల మధ్య గట్టు మా వైపు జానెడు జరిగిందని నాన్న, ఉన్నచోటే ఉందని పెదనాన్న. జానెడు నేల కోసం కోర్టుకెక్కారు. వాయిదా ఉన్నరోజు ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళు, ఆయన ముందు సీట్లో, ఈయన వెనక సీట్లో. ఉన్న బస్సు అదొక్కటే మరి. అమ్మా పెద్దమ్మా మాత్రం పెరటి దడి మీదుగా కూరగిన్నెలు మార్చుకునేవాళ్ళు. ఆ సంగతి ఇద్దరు మగాళ్ళకీ తెలుసు. ఆ పూట ఇద్దరూ కూర బాగుందనేవాళ్ళు, ఎవరు వండారని అడిగేవాళ్ళు కాదు.

*

అది కార్తీక మాసం, శనివారం. సార్వా చేలు కోతకి దగ్గరపడ్డాయి. తుపాను వస్తోందని రేడియోలో చెబుతూనే ఉన్నారు. తుపాన్లు మాకు కొత్త కాదు. గాలీ వానా వస్తాయి, నాలుగు చెట్లు పడతాయి, తాటాకు కప్పులు లేస్తాయి, మళ్ళీ కప్పుకుంటాం. అంతవరకే అందరికీ తెలుసు. సముద్రం లేచి ఊళ్ళోకి వస్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

మధ్యాహ్నానికే గాలి చప్పుడు మారింది. తర్వాత నీళ్ళు. వాననీళ్ళు అనుకున్నాం. అమ్మ నోట్లో పడ్డ చుక్కని ఉమ్మేసి ‘ఉప్పగా ఉన్నాయి’ అంది. మాది ఎత్తరుగుల పెంకుటిల్లు. చూస్తుండగానే అరుగు మునిగింది, వసారాలో నాన్న బల్ల తేలింది.

అప్పుడు పెదనాన్న వచ్చాడు. గడ్డి బండికి కట్టే మోకు ఒక కొస ఆయన నడుముకి, రెండో కొస వాళ్ళ మేడ స్తంభానికి. ఛాతీలోతు నీళ్ళలో మా గుమ్మం దాకా వచ్చి, నాన్న వైపు చూడకుండా అమ్మతో అన్నాడు.

‘‘పిల్లల్ని ఇలా ఇవ్వమ్మా.’’

మమ్మల్ని తీసుకెళ్ళి, మళ్ళీ వచ్చి నానమ్మని, మళ్ళీ వచ్చి అమ్మని తీసుకెళ్ళాడు. ఆఖరున నాన్న మోకు పట్టుకుని తనంతట తనే వచ్చాడు, పోస్టాఫీసు రిజిస్టరు చొక్కాలో దోపుకుని. పై గదిలో వీధి వీధంతా ఉంది. పక్క పక్కన ఇరుక్కుని కూర్చున్నాం. ఆ రాత్రంతా అన్నదమ్ములిద్దరూ ఒకే తలుపుకి వీపులు ఆనించి అది ఊడిపోకుండా కాశారు. ఒక్క మాట మాట్లాడుకోలేదు. తెల్లారాక నాన్న కిందికి చూసి, గొంతు సవరించుకుని, ‘‘అన్నయ్యా, నానమ్మకి దాహంగా ఉందట, మంచినీళ్ళు ఏమన్నా ఉన్నాయా’’ అన్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటి మాట అదీ. పెదనాన్న ‘‘కుండలో ఉన్నాయి, పొదుపుగా ఇవ్వు’’ అన్నాడు. అంతే. సినిమాల్లోలా కౌగిలించుకోవడాలేం లేవు.

*

మా ఊరు లోపలికి ఉంది కాబట్టి బతికాం. సముద్రం వారన ఉన్న సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళ సంగతి రోజులు గడిచేకొద్దీ తెలిసింది. సర్కారు లెక్కే పదివేలు దాటింది. ఆ లెక్కని మా వైపు ఇప్పటికీ ఎవరూ నమ్మరు. తాటిచెట్టుని కావలించుకుని బతికినవాళ్ళు, తుమ్మముళ్ళలో చిక్కుకుని బతికినవాళ్ళు ఒంటి మీద గుడ్డ లేకుండా నడిచొచ్చేవాళ్ళు. వాళ్ళని ఏమైందని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ముందు కప్పుకోవడానికి ఏదో ఒకటి ఇచ్చేవాళ్ళు.

తాగడానికి నీళ్ళు లేవు. బావులన్నీ ఉప్పు, పైగా శవాలు. పడిపోయిన కొబ్బరిచెట్ల బొండాలే మమ్మల్ని ఆ మొదటి రోజుల్లో నిలబెట్టాయి. తర్వాత హెలికాప్టర్లు పొట్లాలు జారవిడిచాయి. మిలటరీ వాళ్ళు వచ్చారు. కాలేజీ కుర్రాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని శవాలు ఎత్తారు. గుంటలు తీసేవాళ్ళు, బ్లీచింగ్ చల్లేవాళ్ళు, మళ్ళీ తీసేవాళ్ళు. కాకుల్లేవు, కుక్కల్లేవు. పొద్దున్నే కోడి కూయని ఊళ్ళో నిద్రలేవడం ఎలా ఉంటుందో చెప్పినా అర్థం కాదు.

మా ఎమ్మెల్యే మండలి వెంకట కృష్ణారావుగారు ఆ బురదలో ఊరూరూ తిరిగారు. ఆయన్ని దివిసీమ గాంధీ అని ఎందుకంటారో మా పెద్దవాళ్ళని అడిగితే ఆ రోజులే చెప్పేవాళ్ళు. సినిమా హీరోలు రామారావు, నాగేశ్వరరావు మాకోసం ఊళ్ళలో తిరిగి విరాళాలు పోగుచేశారని తెలిసి మా పిల్లలకి మహా గర్వం. మా కోసం వాళ్ళు అడుక్కోవడమా అని.

బట్టలు మూటలు మూటలుగా వచ్చాయి. ఎవరికేది దొరికితే అది. ఎక్కడో చలిదేశం నుంచి వచ్చినట్టుంది, అమ్మకి ఒక ఉన్ని స్వెట్టరు దొరికింది. దివిసీమ ఉక్కలో స్వెట్టరు! అమ్మ దాన్ని విప్పదీసి, ఆ ఊలుతో మాకు ఉయ్యాల తాడు పేనింది. మిగిలిన ఊలుతో ఏం చేసిందో గుర్తులేదు. పెదనాన్నకి కోటు దొరికింది. ఆ కోటు వేసుకుని, కింద గోచీతో పొలంలో పుల్లలు ఏరుతున్న పెదనాన్నని చూసి అమ్మ నవ్వింది. ఉప్పెన తర్వాత మా ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది. నవ్వాక అటూ ఇటూ చూసుకుంది, ఎవరన్నా విన్నారేమోనని.

*

తేదీ ముద్ర బురదలో దొరికింది. నాన్న దాన్ని కొబ్బరిపీచుతో తోమి, కిరసనాయిలు పెట్టి, అక్షరాలు తిరిగేలా చేశాడు. పైవాళ్ళు చెప్పేదాకా ఆగలేదు. అరుగు మీద తలుపుచెక్క వేసుకుని కూర్చున్నాడు. ‘పోస్టాఫీసు తెరిచుందని తెలిస్తే జనానికి ధైర్యం’ అనేవాడు. తెరవడానికి అక్కడ తలుపే లేదు.

జనం వచ్చారు. రోజంతా వచ్చారు. ఉత్తరం రాయించుకోవడానికి, ఎక్కడ ఎవరున్నారో అడగడానికి. నాన్న రిజిస్టరు వెనక పేజీల్లో పేర్లు రాయడం మొదలుపెట్టాడు. ఫలానా ఊరి ఫలానా ఆయన కూతురు ఫలానా స్కూలు క్యాంపులో ఉంది, అని. బతికున్నవాళ్ళ పేర్లే రాసేవాడు. పోయినవాళ్ళ లెక్క సర్కారు చూసుకుంటుంది, ఇది మన లెక్క అనేవాడు. ఎవరో ఒకరు వచ్చి తమవాళ్ళ పేరు చెబితే నాన్న వేలు పేజీ మీద కిందికి జరిగేది. ఆ వేలు ఎక్కడన్నా ఆగుతుందేమోనని వాళ్ళు ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. నేనూ చూసేవాణ్ణి. ఎక్కువసార్లు ఆగేది కాదు. ఆగిన రోజున మాత్రం రాత్రి నాన్న ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు.

ఒక ముసలాయన బాగా గుర్తు. సముద్రం వైపు పల్లెవాడు. ముళ్ళు గీరుకుని ఒళ్ళంతా చారలు. వెంట ఐదారేళ్ళ మనవరాలు. కొడుకు విశాఖపట్నం హార్బరులో పని చేస్తున్నాడట. నాన్న కార్డు తీసి, ‘చెప్పు పెద్దాయనా’ అన్నాడు.

‘‘వల పోయింది, పడవ పోయింది. వలకి డబ్బు పంపమని రాయండి, పోస్టు మాస్టరుగారూ.’’

నాన్న రాశాడు. ‘‘ఇంటి సంగతి?’’

‘‘పిల్ల నా దగ్గరే ఉందని రాయండి.’’

‘‘మిగతావాళ్ళు...’’

ఆయన మనవరాలి వైపు చూశాడు. ‘‘అది వాడొచ్చాక చెప్పుకుంటాం. కార్డు మీద అదంతా పట్టదు. వల సంగతి ముందు రాయండి, అలివి వల వేసే కాలం పోతది.’’

నాన్న కార్డు మీద ముద్ర కొట్టి పక్కన పెట్టాడు. ముసలాయన లేవలేదు. ‘ఈ పూట సంచిలో పోతదా, రేపా?’ అని అడిగాడు. ఈ పూటే అన్నాక లేచాడు. సంచి కట్టే దాకా వీధి చివర కూర్చునే ఉన్నాడు.

ఆశ గురించి నేను తర్వాత చాలా ఉపన్యాసాలు విన్నాను. అందులో వెలుగులూ ఉషోదయాలూ ఎక్కువ. నేను చూసినంతవరకు ఆశంటే వలకి డబ్బు అడగడం. ఆ ముసలాయన కళ్ళలో వెలుగేమీ లేదు. పని ఉందంతే.

*

వచ్చే ఉత్తరాల సంగతి వేరు. తుపానుకి ముందు బయల్దేరినవి ఆలస్యంగా చేరాయి. మనిషి లేడు, ఇల్లు లేదు, వీధి లేదు. ఉత్తరం మాత్రం భేషుగ్గా ఉంది. రూలు ప్రకారం మనిషి లేకపోతే కారణం రాసి వెనక్కి పంపాలి. నాన్న ఆ మాట రాయడానికి కలం తీసేవాడు, మూత పెట్టేసేవాడు. గడువు దాటాక కూడా కొన్నాళ్ళు దాచాడు, ఏదో క్యాంపులోంచి ఆ మనిషి నడిచొస్తాడేమోనని. ఇద్దరు వచ్చారు కూడా.

ఒక మనియార్డరు మద్రాసు నుంచి వచ్చింది, తల్లి పేరు మీద. కింద కూపన్ ముక్క మీద, ‘దీపావళికి పంపలేకపోయాను, ఏమీ అనుకోకు, కొత్త చీర కొనుక్కో’ అని ఉంది. మనియార్డరు ఇంకొకరికి ఇవ్వకూడదు, తిరిగిపోవాల్సిందే. పంపాడు. కొన్నాళ్ళకి అదే డబ్బు మళ్ళీ వచ్చింది, ఈసారి నాన్న పేరు మీద. ‘అక్కడ ఎవరో ఒక అమ్మకి’ అని కూపన్ మీద. నాన్న ఆ డబ్బుకి చీర కొనలేదు. ఇద్దరు ముసలమ్మలకి వంటగిన్నెలు కొన్నాడు. చీరలు అప్పటికే లారీలకొద్దీ వచ్చాయి, వండుకోవడానికే ఏమీ లేదు.

*

చేలల్లో సముద్రపు మట్టి. ఎండ తగిలితే పొలమంతా తెల్లగా ఉప్పు తేలేది. మళ్ళీ పంటా గింటా అని పట్నం నుంచి వచ్చినవాళ్ళు పెదవి విరిచారు. మావాళ్ళు కాలవ నీళ్ళు నిండా పెట్టి, నానబెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టారు. జీలుగ చల్లి పూతకి రాగానే కలియదున్నారు. ఇలాంటి పని ఒక్కడి వల్ల కాదు. పై చేను ఉప్పునీళ్ళు కింది చేను మీదుగానే పోవాలి. ఒకరికొకరు దారి ఇవ్వకపోతే ఇద్దరి పొలమూ చౌడే.

గట్టు ఎటూ లేదు. జానెడు జరిగిందో లేదో తేల్చడానికి అక్కడ గట్టంటూ ఉండాలిగా. సర్వే రాళ్ళు కూడా కొట్టుకుపోయాయి. నాన్నా పెదనాన్నా మోకు పట్టుకుని కొలుచుకున్నారు. అదే మోకు. కోర్టులో రాజీ కాగితం పెట్టి వచ్చేటప్పుడు బస్సులో పక్క పక్కనే కూర్చున్నారట. ఏం మాట్లాడుకున్నారని అమ్మ అడిగితే, ‘ఏముంది, ఇద్దరం నిద్రపోయాం’ అన్నాడు నాన్న.

ఈజిప్టు అధ్యక్షుడి సంగతి మా ఇంట్లోకి ఆ రోజుల్లోనే వచ్చింది. బట్టల మూటకి చుట్టిన పాత పేపరుతో. నాన్న చింకి కాగితం కూడా చదవకుండా పారెయ్యడు. అందులో అన్వర్ సాదత్ ఇజ్రాయెల్ వెళ్ళిన వార్త. 1973లో ఒకరి మీద ఒకరు ట్యాంకులు నడిపించుకున్న దేశాలు అవి. అంతకుముందు ఏ అరబ్ దేశాధినేతా అలా బాహాటంగా అక్కడికి వెళ్ళింది లేదు. ఆయన విమానం దిగింది నవంబరు 19 రాత్రి. నాన్న తేదీ చూసి, పేపరు పట్టుకుని పక్కింటికి పరిగెత్తాడు. ‘అన్నయ్యా, మనం తలుపు కాసిన రాత్రే!’ అని. అమ్మకి ఇలాంటి పోలికలు గిట్టవు. ‘ఆయనకి విమానం ఉంది, బావగారికి మోకు ఉంది’ అని తీసిపారేసింది.

నాన్న మాత్రం అప్పట్నుంచి సాదత్ని మా దూరపు చుట్టంలాగే చూశాడు. 1978లో అమెరికాలో క్యాంప్ డేవిడ్ ఒప్పందం, ఆ మరుసటేడు మార్చిలో సంధి, అన్నీ రేడియోలో విని పెదనాన్నకి చేరవేసేవాడు. 1981 అక్టోబరు 6న కైరోలో కవాతు చూస్తుండగా సొంత సైనికులే ఆయన్ని కాల్చేశారు. ఆ వార్త విని నాన్న అన్నం సహించక కూర్చుంటే పెదనాన్న వచ్చాడు.

‘‘పోయాడు సరే. సంధి ఉందా, అదీ పోయిందా?’’

‘‘ఉందనే అంటున్నారు.’’

‘‘ఉంటే సరే, లేచి అన్నం తిను.’’

ఉంది. మరుసటేడు ఏప్రిల్లో సైనాయి ఎడారి దాదాపు మొత్తం ఈజిప్టుకి తిరిగొచ్చింది. ఆ రెండు దేశాలూ ప్రాణస్నేహితులేం కాలేదు, మళ్ళీ యుద్ధం మాత్రం చేసుకోలేదు. నాన్నా పెదనాన్నా కూడా అంతే. తర్వాత కొబ్బరిచెట్టు కాయలు ఎవరి పెరట్లో పడితే వాళ్ళవా అని నెలరోజులు అరుచుకున్నారు. అరుచుకోవడమంటే మాట్లాడుకోవడమేగా అనేది పెద్దమ్మ.

*

నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక 1990 మే నెలలో ఇంకో తుపాను సరిగ్గా కృష్ణ సముద్రంలో కలిసే వైపుకే వచ్చింది. గాలి బలం మొదటిదానికి తీసిపోదు. ఫోన్లు పనిచేయలేదు, నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కానీ ఈసారి లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. స్తంభాల మీద కట్టిన తుపాను షెల్టర్లు ఉన్నాయి, తీరం వెంట సరుగుడు తోటలు ఉన్నాయి, అన్నిటికన్నా ముఖ్యంగా, పోలీసు వచ్చి ‘లేవండి’ అంటే మారుమాట్లాడకుండా లేచే జనం ఉన్నారు. పోయినవాళ్ళు రాష్ట్రం మొత్తం మీద వెయ్యిలోపు. ఆ వెయ్యి కూడా తక్కువేం కాదు, వాళ్ళ ఇళ్ళవాళ్ళని అడగాలి.

అమ్మ షెల్టర్లో నిద్రపోయిందట. బయట గాలి హోరుమంటుంటే హాయిగా నిద్రపోయిందట. ఉప్పెన తర్వాత పదమూడేళ్ళూ చిన్న గాలికి కూడా లేచి కూర్చుని, కిటికీ రెక్క మీద చెయ్యి వేసి ఉంచే మనిషి. నాకు ఆ మాట చెప్పినప్పుడు కొంచెం సిగ్గుపడింది. ‘అందరూ పైకి వచ్చేశారని మీ నాన్న లెక్క చూసి చెప్పాడు, ఇంక ఎందుకు మేలుకోవడం’ అంది.

కానీ అదంతా తర్వాత తెలిసింది. ముందు నాకు చేరింది నాన్న కార్డు. ముద్ర చూడగానే ప్రాణం లేచొచ్చింది, ఆ ముద్ర కొట్టాలంటే ఆయన కూర్చునే ఉండాలి కదా. సన్నటి అక్షరాలతో, ఖాళీ వదలకుండా రాశాడు. ‘‘ఇక్కడ అందరం క్షేమం. పెంకులు సగం లేచిపోయినవి, జీతం రాగానే డబ్బు పంపవలెను. గేదె బాగున్నది. కంగారుపడి బయల్దేరవద్దు, బస్సులు లేవు.’’ స్థలం అయిపోయాక కార్డుని అడ్డంగా తిప్పి, అంచు మీద ఇంకో రెండు వరుసలు ఇరికించాడు. ‘‘మీ పెదనాన్న షెల్టరుకి చాప తెచ్చుకోలేదు. నా చాపలో సగం ఇచ్చాను. మధ్యన చేతికర్ర పెట్టి ఇదీ గట్టు అని చూపించాను. తెల్లారేసరికి జానెడు జరిపినాడు.’’